బ్యాట్‌మ్యాన్ సూట్ మార్చింది ఈయనే.. పేరు పడటానికి మాత్రం 76 ఏళ్లు పట్టింది!

బ్యాట్‌మ్యాన్ కొత్త సినిమా వస్తోందంటే చాలు.. కథేంటి, విలన్ ఎవరు అన్నదాని కంటే ముందు ఫ్యాన్స్ చూసేది సూట్. ఫస్ట్ లుక్ ఫోటో బయటికి రాగానే జూమ్ చేసి మరీ పరీక్షిస్తారు. మాస్క్ చెవులు పొడుగ్గా ఉన్నాయా, పొట్టిగా ఉన్నాయా? ఛాతీ మీద గబ్బిలం గుర్తు చుట్టూ పసుపు రంగు ఉందా, తీసేశారా? కేప్ నలుపా, నీలమా? ఒకరు సూపర్ అంటే, మరొకరు మొత్తం చెడగొట్టేశారంటారు. ఈ గొడవ నిన్న మొన్నటిది కాదు. దశాబ్దాలుగా నడుస్తూనే ఉంది.

అయితే ఆ సూట్‌కు మొట్టమొదట మార్కులు వేసింది మాత్రం ఫ్యాన్స్ కాదు. అప్పటికి బ్యాట్‌మ్యాన్‌కు ఒక్క ఫ్యాన్ కూడా లేడు. బొమ్మ ఇంకా ప్రింట్ కూడా కాలేదు. 1939 మొదట్లో న్యూయార్క్‌లో ఓ పాతికేళ్ల కుర్రాడు తన ఫ్రెండ్ గీసిన స్కెచ్ చూశాడు. ఇది పనికిరాదని తేల్చేశాడు. అక్కడితో ఆగకుండా ఏమేం మార్చాలో కూడా చెప్పాడు. ఆ మార్పులతో వచ్చిన డ్రెస్సే ఈ రోజుకీ మనం గుర్తుపట్టే బ్యాట్‌మ్యాన్ సూట్.

ఆ కుర్రాడి పేరు బిల్ ఫింగర్. బ్యాట్‌మ్యాన్‌కు రూపం ఇచ్చింది, కథ ఇచ్చింది, అసలు పేరు ఇచ్చింది, ఊరి పేరు కూడా ఇచ్చింది ఆయనే. కానీ బ్యాట్‌మ్యాన్ సృష్టికర్తగా ఆయన పేరు అధికారికంగా పడింది 2015లో. అప్పటికి ఆయన చనిపోయి 41 ఏళ్లు. సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత ఆయన జీవితానికి అతికినట్టు సరిపోతుంది.

టైలర్ ఇంట్లో పుట్టాడు

బిల్ ఫింగర్ అసలు పేరు మిల్టన్ ఫింగర్. 1914 ఫిబ్రవరి 8న అమెరికాలోని కొలరాడో రాష్ట్రం డెన్వర్‌లో పుట్టారు. యూదు కుటుంబం. తండ్రి లూయిస్ ఫింగర్ యూరప్ నుంచి వలస వచ్చిన వ్యక్తి. వృత్తి టైలరింగ్. ఆ తర్వాత కుటుంబం న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌కు మారింది.

1929 తర్వాత అమెరికాను మహా మాంద్యం కుదిపేసింది. తిండికే కటకటలాడే రోజుల్లో కొత్త బట్టలు కుట్టించుకునేదెవరు? లూయిస్ ఫింగర్ టైలర్ షాపు మూసేయాల్సి వచ్చింది. కొడుకు 1933లో బ్రాంక్స్‌లోని డివిట్ క్లింటన్ హైస్కూల్ నుంచి బయటికొచ్చాడు. చదువైతే అయిపోయింది కానీ ఉద్యోగాలు లేవు. పైగా పేరు చూసి యూదు అని తెలిస్తే కొన్నిచోట్ల పని ఇచ్చేవారు కాదు. అలా మిల్టన్ కాస్తా బిల్ అయ్యాడు.

రైటర్ కావాలన్నది ఆయన కల. చేతికి దొరికింది మాత్రం చెప్పుల షాపులో సేల్స్‌మ్యాన్ పని. పగలు షూస్ అమ్మడం, మిగతా టైమ్‌లో పుస్తకాలు, సినిమాలు. అప్పట్లో చవక కాగితం మీద అచ్చయ్యే థ్రిల్లర్ కథలంటే ఆయనకు ప్రాణం. చీకట్లోంచి వచ్చి నేరస్తుల పని పట్టే ది షాడో అనే హీరో కథలు మరీ ఇష్టం. ఆ ఇష్టమే తర్వాత బ్యాట్‌మ్యాన్‌లో కనిపిస్తుంది.

ఒక పార్టీ.. ఒక పరిచయం

1938లో ఓ పార్టీలో ఫింగర్‌కు బాబ్ కేన్ పరిచయమయ్యారు. కేన్ కార్టూనిస్ట్. ఇద్దరూ ఒకే హైస్కూల్‌లో చదివిన వాళ్లే. మాటల్లో ఒకరికి రాయడం వచ్చని, ఇంకొకరికి గీయడం వచ్చని తెలిసింది. తన కామిక్ స్ట్రిప్‌లకు కథలు రాసిపెట్టమని కేన్ అడిగారు. ఫింగర్ ఒప్పుకున్నారు. అయితే అది ఘోస్ట్ రైటర్ పని. అంటే రాసేది ఫింగర్, కింద పేరు కేన్‌ది. డబ్బులిచ్చేది కూడా పబ్లిషర్ కాదు, కేనే. అప్పటికి అదేమంత పెద్ద విషయంగా అనిపించలేదు. అయితే ఈ ఏర్పాటే ఫింగర్ జీవితాంతం వెంటాడింది.

అదే ఏడాది యాక్షన్ కామిక్స్ తొలి సంచికతో సూపర్‌మ్యాన్ వచ్చాడు. జెర్రీ సీగల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్ల సృష్టి అది. హక్కుల కోసం పబ్లిషర్ వాళ్లకు ఇచ్చింది 130 డాలర్లు. సూపర్‌మ్యాన్ ఎక్కడికక్కడ హిట్. దీంతో అలాంటి హీరోలు ఇంకా కావాలని ఎడిటర్లు వెతకడం మొదలుపెట్టారు. కేన్ ఆ చాన్స్ పట్టుకున్నారు. బ్యాట్‌మ్యాన్ అనే పేరుతో ఓ స్కెచ్ గీసి, ఫింగర్‌ను పిలిచి చూపించారు.

ఎర్ర డ్రెస్.. చెక్క రెక్కలు

ఆ రోజు ఏం జరిగిందో తర్వాతి కాలంలో ఇద్దరూ చెప్పారు. వాళ్లు చెప్పిన దాన్ని బట్టి కేన్ గీసిన తొలి బ్యాట్‌మ్యాన్ ఇలా ఉంటాడు. ఒంటికి అతుక్కుపోయిన ఎర్ర డ్రెస్. కళ్ల చుట్టూ మాత్రమే చిన్న మాస్క్. తల మీద ఏమీ లేదు, జుట్టు కనిపిస్తూనే ఉంటుంది. చేతులకు గ్లౌజుల్లేవు. వీపున రెండు వైపులా బిర్రబిగుసుకుపోయిన రెక్కలు. లియొనార్డో డావిన్సీ గీసిన ఎగిరే యంత్రం బొమ్మ చూసి ఆ రెక్కల ఆలోచన వచ్చిందని కేన్ చెప్పుకున్నారు. దగ్గర్నుంచి చూస్తే రెక్కలు తగిలించుకున్న సూపర్‌మ్యాన్‌లా ఉందన్నమాట.

ఫింగర్ ముందు డిక్షనరీ తీసి గబ్బిలం బొమ్మ చూపించారు. దాని చెవులు చూడమన్నారు. చిన్న మాస్క్ బదులు తల మొత్తం కప్పే ముసుగు పెట్టి, దానికి గబ్బిలం చెవులు తగిలించమన్నారు. కళ్లలో కనుపాపలు తీసేసి తెల్లటి సందులు మాత్రమే ఉంచమన్నారు. చూసేవాడికి ఆ ముసుగు వెనక మనిషున్నాడో, ఇంకేమున్నదో తెలియకూడదు. అక్కడే భయం పుడుతుంది.

తర్వాత రెక్కల వంతు. రెండు కొయ్య రెక్కలు తగిలించుకున్నవాడు కిటికీలోంచి లోపలికి ఎలా దూరతాడు? నలుగురితో ఎలా కొట్లాడతాడు? రెక్కలు పీకేసి కేప్ పెట్టమన్నారు ఫింగర్. ఆ కేప్ అంచులను గబ్బిలం రెక్కల్లా వంపులు వంపులుగా కత్తిరించమన్నారు. నిలబడితే మామూలు గుడ్డ, పరిగెత్తితే అదే రెక్క. గుడ్డ ఎలా వేలాడుతుందో, ఎలా కత్తిరిస్తే ఎలా పడుతుందో టైలర్ కొడుక్కి ఒకరు చెప్పాలా?

చేతులకు గ్లౌజులు పెట్టమన్నారు. దొంగల్ని పట్టేవాడు తన వేలిముద్రలు వదిలేసి వెళ్తే ఎలా అన్నది ఆయన పాయింట్. చివరగా రంగు. రాత్రిపూట తిరిగే మనిషికి ఎర్ర డ్రెస్ ఏంటి? బూడిద రంగు, నలుపు చాలన్నారు.

ఈ మార్పులన్నీ ఓసారి వరుసగా చూడండి. ఏ ఒక్కటీ అందం కోసం చేసింది కాదు. ఈ మనిషి ఏ టైమ్‌లో బయటికొస్తాడు, ఏం పని చేస్తాడు, ఎదుటివాడు ఇతన్ని చూస్తే ఏమనుకోవాలి.. ఈ మూడు ప్రశ్నలకు సమాధానంగానే డ్రెస్ మారింది. అందుకే అది నిలబడింది.

ఇక్కడే ఓ చిన్న విషయం. కేప్ నలుపా, నీలమా అన్న గొడవకు మూలం కూడా ఆనాటి ప్రింటింగే. చవక కాగితం మీద ముద్దగా నలుపు వేస్తే మడతలు కనిపించవు. అందుకే నల్లటి భాగాల్లో వెలుగు పడే చోట నీలం వేసేవాళ్లు. రాన్రానూ ఆ నీలం పెరిగి పెరిగి కేప్ మొత్తం నీలమైపోయింది. ఓ తరం నలుపే కరెక్ట్ అంటుంది, ఓ తరం నీలమే కరెక్ట్ అంటుంది. ఎవరి చిన్నప్పటి బ్యాట్‌మ్యాన్ వాళ్లది!

ఆరు పేజీల కథ.. ఒక్కటే పేరు

1939 మే నెల తేదీతో డిటెక్టివ్ కామిక్స్ 27వ సంచిక వచ్చింది. అందులో ఆరు పేజీల బ్యాట్‌మ్యాన్ తొలి కథ. రాసింది బిల్ ఫింగర్. గీసింది బాబ్ కేన్. పేజీ మీద పేరు మాత్రం కేన్‌ది ఒక్కటే.

ముసుగు వెనకున్న మనిషికి పేరు పెట్టింది కూడా ఫింగరే. స్కాట్లాండ్ రాజు రాబర్ట్ ద బ్రూస్ నుంచి బ్రూస్, అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో జనరల్‌గా పనిచేసిన ఆంథొనీ వేన్ నుంచి వేన్. అలా బ్రూస్ వేన్ అయ్యాడు. ఆ తర్వాత బ్యాట్‌మ్యాన్ ఉండే ఊరికి పేరు కావాల్సి వస్తే ఫోన్ డైరెక్టరీ తిరగేశారు. గోథమ్ జ్యువెలర్స్ అనే షాపు పేరు కంటపడింది. అంతే, గోథమ్ సిటీ పుట్టింది.

ఈలోగా కేన్ పబ్లిషర్‌తో అగ్రిమెంట్ కుదుర్చుకున్నారు. బ్యాట్‌మ్యాన్ ఎక్కడ కనిపించినా సృష్టికర్తగా తన పేరే ఉండాలన్నది అందులో ముఖ్యమైన విషయం. ఆ చర్చల్లో ఫింగర్ లేరు. కేన్ తరఫున పనిచేసే మనిషి కాబట్టి పబ్లిషర్ లెక్కలో ఆయన అప్పటికి లేనట్టే. చేతిలో ఓ కాగితం లేదు, అడిగేందుకు లాయర్ లేడు. గట్టిగా అడిగే తత్వమూ కాదు ఆయనది.

బొమ్మ గీసేవాళ్లకు ఇష్టమైన రైటర్

ఫింగర్ దగ్గర ఎప్పుడూ నోట్ పుస్తకాలు ఉండేవి. ఎక్కడ ఏ కొత్త విషయం కనిపించినా అందులో రాసిపెట్టుకునేవారు. స్క్రిప్టు ఇచ్చేటప్పుడు మ్యాగజైన్ల నుంచి కత్తిరించిన ఫోటోలు కూడా జతచేసేవారు. వంతెన అంటే ఏ వంతెన, మెషీన్ అంటే ఏ మెషీన్ అని ఆర్టిస్ట్ తల పట్టుకోవాల్సిన పని ఉండేది కాదు.

భారీ టైప్‌రైటర్ మీద ఫైటింగ్, మనిషి కన్నా పెద్ద నాణేలు, ఇంటంత వస్తువుల మధ్య చేజింగ్.. పాత బ్యాట్‌మ్యాన్ కామిక్స్‌లో కనిపించే ఈ వింతలన్నీ ఆయన మార్కే. జోకర్ ఎవరి ఐడియా అన్నదానిపై కేన్, ఫింగర్, వాళ్ల దగ్గర అసిస్టెంట్‌గా చేరిన జెర్రీ రాబిన్సన్.. ముగ్గురి మాటలూ కలవవు. కానీ 1928లో వచ్చిన ది మ్యాన్ హూ లాఫ్స్ అనే మూకీ సినిమాలో నటుడు కాన్రాడ్ వైట్ వికృతంగా నవ్వే ఫోటోను తెచ్చి ముందు పెట్టింది మాత్రం ఫింగరే. జోకర్ నవ్వు అక్కడి నుంచే వచ్చింది. క్యాట్‌వుమన్, పెంగ్విన్, రిడ్లర్ పాత్రల వెనక కూడా ఆయన రాత ఉంది.

పేరు పడని వాళ్లలో ఫింగర్ ఒక్కరే లేరు. కేన్ సంతకం కింద చాలామంది ఆర్టిస్టులు ఏళ్ల తరబడి బొమ్మలు గీశారు. జెర్రీ రాబిన్సన్, డిక్ స్ప్రాంగ్, షెల్డన్ మోల్డాఫ్.. ఒక్కొక్కరిది ఒక్కో స్టైల్. రాబిన్సన్ బొమ్మల్లో నీడలు ఎక్కువ. స్ప్రాంగ్ గీస్తే వెడల్పాటి ఛాతీ, గట్టి దవడ. పేజీ మీద పేరు ఒకటే అయినా గీత వేరని పిల్లలు గమనించారు. ఇది గీసిన చేయి, అది గీసిన చేయి ఒకటి కాదని పోల్చి చూసుకున్నారు. ఆర్ట్ స్టైల్ మీద ఆ పిల్లల పట్టుదలే తర్వాత అసలు నిజం బయటపడటానికి దారి తీసింది.

ఫింగర్ పేరు పడిన సూపర్ హీరో కూడా ఒకడున్నాడు. 1940లో ఆర్టిస్ట్ మార్టిన్ నోడెల్‌తో కలిసి ఆయన గ్రీన్ లాంటర్న్‌ను తీసుకొచ్చారు. ఎర్ర చొక్కా, ఆకుపచ్చ ప్యాంటు, ఊదా రంగు కేప్. పేరు గ్రీన్, చొక్కా రెడ్! 1959లో ఆర్టిస్ట్ గిల్ కేన్ ఆ పేరుతో కొత్త హీరోను గీసినప్పుడు కేప్ తీసేసి, ఆకుపచ్చ, నలుపు రంగుల్లో సాదా సూట్ ఇచ్చారు. ఇప్పుడు ఎక్కువమందికి తెలిసింది అదే. డిజైన్ పనికి సరిపోతేనే నిలుస్తుందని, లేకపోతే తర్వాతి వాళ్లు మార్చేస్తారని ఈ ఒక్క ఉదాహరణ చాలు.

పని ఉంది.. పైసలు లేవు

ఫింగర్‌కు ఓ మైనస్ ఉండేది. చాలా స్లో. కథ కుదిరేదాకా వదిలేవారు కాదు. టైమ్‌కు స్క్రిప్టు ఇవ్వలేక ఎడిటర్ల చేత మాటలు పడేవారు. రాసిన పేజీకే డబ్బులు కాబట్టి ఆలస్యమైతే ఇంట్లో ఇబ్బందే. పెళ్లి చేసుకున్నారు, కొడుకు ఫ్రెడ్ పుట్టాడు. తర్వాత భార్యతో విడిపోయారు. అడ్వాన్సులు అడగటం, అప్పులు చేయడం మామూలైపోయింది.

ఆయన రాసింది బ్యాట్‌మ్యాన్‌కే కాదు. సూపర్‌మ్యాన్‌ను బలహీనుణ్ని చేసే క్రిప్టోనైట్ రాయి కామిక్ పుస్తకంలో తొలిసారి కనిపించిన 1949 నాటి కథ కూడా ఫింగర్‌దే. అదీ పేరు లేకుండానే.

నిజం బయటపెట్టింది ఫ్యాన్సే

1960ల మొదట్లో బ్యాట్‌మ్యాన్ అమ్మకాలు పడిపోయాయి. దీంతో జూలియస్ ష్వార్ట్జ్ అనే ఎడిటర్‌కు బాధ్యత అప్పగించారు. ఆయన, ఆర్టిస్ట్ కార్మైన్ ఇన్‌ఫాంటినో కలిసి 1964లో లుక్ మార్చేశారు. ఛాతీ మీద గబ్బిలం చుట్టూ పసుపు రంగు గుండ్రం అప్పుడే వచ్చింది. పాత స్టైల్ పోయి సన్నటి గీతలతో, మామూలు మనిషి కొలతలతో కొత్త బొమ్మలు మొదలయ్యాయి. పాఠకుల ఉత్తరాలు వెల్లువెత్తాయి. నచ్చిందని కొందరు, పాతదే కావాలని కొందరు.

అప్పట్లో కామిక్స్ చివర్లో ఉత్తరాల పేజీ ఉండేది. ఇప్పటి కామెంట్ సెక్షన్ లాంటిదే. ఆ పేజీలోనే 1965లో ష్వార్ట్జ్ ఓ పేరు బయటపెట్టారు. బిల్ ఫింగర్. అంతదాకా కేన్ ఒక్కరే అన్నీ చేశారనుకున్న పాఠకులకు ఇది పెద్ద షాక్.

అదే ఏడాది వేసవిలో న్యూయార్క్‌లో కామిక్ ఫ్యాన్స్ ఓ సమావేశం పెట్టుకున్నారు. దానికి ఫింగర్ వచ్చారు. తర్వాత జెర్రీ బెయిల్స్ అనే ప్రొఫెసర్, ఫింగర్‌తో మాట్లాడి రెండు పేజీల వ్యాసం రాశారు. బెయిల్స్ అమెరికాలో కామిక్ ఫ్యాన్స్‌ను ఒకచోటికి చేర్చిన మనిషి. ముసుగు, చెవులు, కేప్, పేర్లు.. ఏది ఎవరి ఆలోచనో ఆ వ్యాసంలో తొలిసారి వివరంగా వచ్చింది. ఫ్యాన్స్ తమలో తాము పంచుకునే చిన్న పత్రికలో వచ్చిన వ్యాసం అది. చదివింది కొద్దిమందే.

కానీ కేన్‌కు తెలిసింది. ఆయన వెంటనే ఖండిస్తూ పెద్ద లేఖ రాశారు. బ్యాట్‌మ్యాన్ తన ఒక్కడి సృష్టేనని, ఫింగర్ ఎక్కువ చేసి చెబుతున్నారని వాదించారు. ఫింగర్ మాత్రం కోర్టుకు వెళ్లలేదు, బహిరంగంగా గొడవ పడలేదు. రాసుకుంటూ పోయారు.

1966లో బ్యాట్‌మ్యాన్ టీవీ సిరీస్ అమెరికాను ఊపేసింది. ఆ సిరీస్‌లో క్లాక్ కింగ్ అనే విలన్ వచ్చే రెండు భాగాల కథను ఫింగర్, ఆయన స్నేహితుడు చార్ల్స్ సింక్లెయిర్ కలిసి రాశారు. ఆ ఎపిసోడ్లకు రైటర్‌గా ఫింగర్ పేరు తెర మీద పడింది. బతికున్నంతకాలం బ్యాట్‌మ్యాన్ తెర మీద ఆయన చూసుకున్న పేరు అదొక్కటే. అదీ ఆ కథ రాసినందుకు, బ్యాట్‌మ్యాన్‌ను సృష్టించినందుకు కాదు.

1974 జనవరి 18

గుండె జబ్బు ఫింగర్‌ను చాలాకాలం వేధించింది. 1974 జనవరి 18న న్యూయార్క్‌లోని తన ఇంట్లో ఆయన చనిపోయి కనిపించారు. చూసింది స్నేహితుడు సింక్లెయిరే. ఫింగర్ 60వ పుట్టినరోజుకు అప్పటికి సరిగ్గా మూడు వారాలు ఉంది.

దిక్కులేని వాళ్లను పాతిపెట్టే చోట ఆయన్ను పూడ్చేశారని చాలా ఏళ్లు ప్రచారం జరిగింది. అది నిజం కాదు. కొడుకు ఫ్రెడ్ తండ్రి అస్థికలను ఒరెగాన్ తీరానికి తీసుకెళ్లాడు. అక్కడి ఇసుకలో గబ్బిలం ఆకారంలో చల్లాడు. అల వచ్చింది, తీసుకెళ్లింది. అందుకే బిల్ ఫింగర్‌కు సమాధి లేదు.

1989లో బ్యాట్‌మ్యాన్ సినిమా వచ్చింది. బూడిద రంగు గుడ్డ పోయి నల్లటి రబ్బరు సూట్ వచ్చింది. సినిమా భారీ హిట్. అదే ఏడాది కేన్ తన ఆత్మకథ తెచ్చారు. ఎర్ర డ్రెస్ గురించి, డిక్షనరీలో గబ్బిలం బొమ్మ గురించి, కేప్ గురించి అందులో ఆయనే రాశారు. ఫింగర్‌కు రావాల్సిన పేరు రాలేదని, అందుకు తనకు బాధగా ఉందని ఒప్పుకున్నారు. ఒప్పుకున్నారు గానీ అగ్రిమెంట్ మారలేదు. 1998లో కేన్ కన్నుమూశారు. ఆయన సమాధి రాయి మీద బ్యాట్‌మ్యాన్ గొప్పగా కనిపిస్తుంది. ఫింగర్ పేరు అక్కడా లేదు.

ఫోన్ కాల్స్.. ఉత్తరాలు.. చివరికి క్రెడిట్

ఫింగర్ కథ ముగిసిందనుకున్న చోట ఫ్యాన్స్ మళ్లీ అందుకున్నారు. 2005లో జెర్రీ రాబిన్సన్ చొరవతో శాన్ డియేగో కామిక్‌కాన్‌లో బిల్ ఫింగర్ అవార్డు మొదలైంది. కష్టపడి రాసినా గుర్తింపు దక్కని కామిక్ రైటర్లకు దీన్ని ఇస్తారు. తొలి ఏడాది ఆ అవార్డు అందుకున్న వాళ్లలో సూపర్‌మ్యాన్ సృష్టికర్త జెర్రీ సీగల్ ఉన్నారు. అప్పటికి ఆయన కూడా లేరు.

పిల్లల పుస్తకాలు రాసే మార్క్ టైలర్ నోబెల్‌మ్యాన్ అయితే ఏళ్ల తరబడి ఫింగర్ వెంట పడ్డారు. పాత ఫోటోలు వెతికారు, స్కూల్ రికార్డులు తిరగేశారు, తెలిసిన ప్రతి వాళ్లకూ ఫోన్ చేశారు. ఫింగర్ కొడుకు ఫ్రెడ్ 1992లోనే చనిపోయాడు. దీంతో వారసులెవరూ లేరని అందరూ అనుకున్నారు. వారసులు లేకపోతే హక్కు అడిగేదెవరు? కానీ వెతగ్గా వెతగ్గా ఫ్రెడ్‌కు కూతురు ఉందని నోబెల్‌మ్యాన్‌కు తెలిసింది. పేరు అథీనా ఫింగర్. తాత చనిపోయిన రెండేళ్లకు పుట్టింది. ఆయన్ను ఎప్పుడూ చూడలేదు.

2012లో నోబెల్‌మ్యాన్ రాసిన ఫింగర్ జీవిత కథ పుస్తకంగా వచ్చింది. అథీనా ముందుకొచ్చి తాత పేరు కోసం పోరాడింది. చివరికి 2015 సెప్టెంబర్ 18న డీసీ సంస్థ ప్రకటన చేసింది. ఇకపై బ్యాట్‌మ్యాన్ సృష్టికర్తల వరుసలో బాబ్ కేన్‌తో పాటు బిల్ ఫింగర్ పేరు కూడా ఉంటుందని చెప్పింది. 2016 మార్చిలో వచ్చిన బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్ సినిమాలో ఆ పేరు తొలిసారి వెండితెర మీద పడింది.

2017 డిసెంబర్‌లో బ్రాంక్స్‌లో ఓ వీధి మూలకు బిల్ ఫింగర్ వే అని పేరు పెట్టారు. పక్కనే పో పార్క్ ఉంది. ఒకప్పుడు ఇద్దరు కుర్రాళ్లు ఆ పార్కులోనే కూర్చుని బ్యాట్‌మ్యాన్ కథలు అల్లుకున్నారు.

సూట్ మారుతూనే ఉంటుంది

1964లో వచ్చిన పసుపు గుండ్రం 2000లో పోయింది. 1990ల్లో వచ్చిన రెండు సినిమాల్లో రబ్బరు సూట్‌కు చనుమొనలు పెడితే ఫ్యాన్స్ ఏకిపారేశారు. ఈ రోజుకీ ఆ జోకులు ఆగలేదు. 2016 సినిమాలో మళ్లీ గుడ్డలా కనిపించే బూడిద రంగు సూట్, పొట్టి చెవులు వచ్చాయి. ఫ్రాంక్ మిల్లర్ 1986లో గీసిన ది డార్క్ నైట్ రిటర్న్స్ బొమ్మలే దానికి ఆధారం. అటు ప్యాంటు మీద డ్రాయర్ ఏంటని మన దగ్గర కూడా జోకులు పడే సూపర్‌మ్యాన్‌కు 2011లో ఆ ఎర్ర డ్రాయర్ తీసేస్తే ఫ్యాన్స్ ఊరుకోలేదు. 2018లో కామిక్స్‌లో అది తిరిగొచ్చింది.

ఎన్ని మార్చినా బ్యాట్‌మ్యాన్ దగ్గర కొన్ని మాత్రం ఎవరూ తీసేయలేకపోయారు. తల మొత్తం కప్పే ముసుగు. గబ్బిలం చెవులు. వంపులు తిరిగిన కేప్. చేతులకు గ్లౌజులు. చీకట్లో కలిసిపోయే రంగు. 1939లో ఓ టైలర్ కొడుకు డిక్షనరీ తెరిచి చెప్పినవి ఇవే.

సూట్ గురించి ఫ్యాన్స్ గొడవ పడటం టైమ్‌వేస్ట్ అనే వాళ్లుంటారు. కానీ ఏ గీత ఎవరిదని, ఏ మార్పు ఎవరిదని అలా పట్టుబట్టి అడిగిన వాళ్ల వల్లే బిల్ ఫింగర్ పేరు మనదాకా వచ్చింది. ఈసారి బ్యాట్‌మ్యాన్ సినిమా చూస్తే టైటిల్స్ స్కిప్ చేయకండి. బాబ్ కేన్ పేరు పక్కనే ఇంకో పేరు పడుతుంది. అది పడటానికి 76 ఏళ్లు పట్టింది.